కొల్లేటి గట్టు మీద మూడో రోజు

కొల్లేరు చుట్టూ సైకిళ్ళ మీద మేం తిరిగిన ఐదు రోజుల్లో మొదటి రెండు రోజులూ నాకు అరకొరగానే గుర్తున్నాయి. ఉండి దాటాక ఎదురుగాలి కొట్టింది. ఆకివీడు హైస్కూల్లో బెంచీలు ఓ పక్కకి జరిపి పడుకున్నాం. ఆటపాక దగ్గర గూడబాతులు కొమ్మలు వంగిపోయేలా కూర్చునుంటే, మాలో ఒకమ్మాయి "ఇంత లావుంటే ఇవేం ఎగురుతాయే!" అంది. ఆ మాట అంటూండగానే ముప్ఫయ్యో నలభయ్యో ఒక్కసారి లేచి మా నెత్తిమీంచి వెళ్ళిపోయాయి. అంతే. మూడో రోజు మాత్రం పొద్దున్న తిన్న ఉప్మాలో పంటికింద పడిన జీలకర్రతో సహా గుర్తుంది.

అప్పటికి నేను భీమవరంలో ఆడపిల్లల హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. తొంభైల నడిమి మాట. మా డ్రిల్లు టీచరుకి ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. పెళ్ళి చేసుకోలేదు. నేత చీర కట్టుకుని, కింద తెల్ల కేన్వాసు బూట్లు వేసుకుని, మెళ్ళో గొలుసుకి బదులు విజిలు వేసుకుని వచ్చేది. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతే సోమవారం గ్రౌండులో "లైనూ!" అని అరిచేది. ఆవిణ్ణి చూస్తే మాకు భయమూ ఉండేది, ఆవిడ కళ్ళల్లో పడాలనీ ఉండేది.

ఓ రోజు ప్రేయరయ్యాక ఆవిడ మమ్మల్ని అడిగింది. "కొల్లేటి చేప తిననివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి." శాకాహారుల పిల్లలు నలుగురైదుగురు ఎత్తారు. "సరే, కొల్లేరు చూసినవాళ్ళు ఎత్తండి." ఒక్క చెయ్యీ లేవలేదు. బస్సెక్కితే గంటలో చేరే చోటు. ఆవిడ మమ్మల్ని అలా కాసేపు చూసి, "అర్ధ సంవత్సరం పరీక్షలవగానే వెళ్దాం. సైకిళ్ళ మీద. పదిమందిని తీసికెళ్తాను. ఇంట్లో అడిగి రండి" అంది.

ఇంట్లో అడగడమంటే మా మామ్మని అడగడమే. మామ్మంటే నాన్నకి అమ్మ. నాన్న ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తా. బయట పదిమందికి పనులు పురమాయించే మనిషే గానీ, గుమ్మంలో చెప్పులు విడిస్తే మామ్మ మాటే మాట. "ఆడపిల్లలు ఊళ్ళమ్మట సైకిళ్ళు తొక్కుకుంటూ తిరగడమేంటిరా? వింటేనే కాళ్ళు పీకుతున్నాయి" అంది మామ్మ. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆ సాయంత్రమే టీచరు మా ఇంటికొచ్చింది. మామ్మ అన్నమాట అమ్మ నోట విని, "పెద్దావిడ అన్నది నిజమేనండి, కాళ్ళు పీకుతాయి. అయినా తొక్కగలరు. ఆ సంగతి వీళ్ళకి తెలియాలనే తీసికెళ్తున్నాను" అంది. నాన్న ఒక్కటే అడిగాడు. "రాత్రిళ్ళు ఎక్కడుంటారండి?"

"స్కూళ్ళలోనండి. నాకు తెలిసిన టీచర్లున్నారు. గుమ్మానికడ్డంగా నేను పడుకుంటాను."

నాన్న మామ్మ వైపు చూడకుండా, "పంపుతామండి" అన్నాడు. జీవితంలో ఆయన మామ్మ వైపు చూడకుండా తీసుకున్న నిర్ణయాల్లో అది మొదటిదని అమ్మ తర్వాత చెప్పింది. పిన్ని దగ్గర లేడీస్ సైకిలుంటే అది నాకు తెచ్చిపెట్టారు.

అలా ఆదివారం పొద్దున్నే పదిమంది పిల్లలం, టీచరు, మా స్కూలు అటెండరు బయల్దేరాం. అటెండరు రిటైరవడానికి దగ్గర్లో ఉన్నాడు. ఖాకీ చొక్కా, కేరియరు మీద పంపు, ఓ రేకు డబ్బాలో పంచరు సామాను. మేం తాతగారనేవాళ్ళం. టీచరు అందరికంటే ముందు, ఆయన అందరికంటే వెనక. మాట తక్కువ మనిషి. రోజు మొత్తానికి ఆయన నోట వచ్చేది "ఎడమకి, ఎడమకి" అనే మాట ఒక్కటే.

మూడో రోజు, అంటే మంగళవారం, ఆటపాక నుంచి కొల్లేటి మధ్య దిబ్బల మీదుండే లంక ఊళ్ళ వైపు వెళ్తున్నాం. రోడ్డనేది లేదు. చేపల చెరువుల గట్లే దారి. ఇటు చెరువు, అటు చెరువు, మధ్యన రెండు సైకిళ్ళు పక్కపక్కన పట్టేంత నల్లమట్టి గట్టు. తవుడు బస్తాలేసుకున్న ట్రాక్టరు ఎదురైతే అందరం దిగి, సైకిళ్ళు పట్టుకుని గట్టంచున నిలబడాల్సిందే. చెరువులు దాటాక కిక్కిస గడ్డి మొదలైంది. మనిషెత్తు పొదలు, వాటి సందుల్లోంచి మెరుస్తూ నీళ్ళు. అవతలి ఒడ్డన్నది కనబడలేదు. సముద్రం చూశాను గానీ ఇంత నిశ్శబ్దంగా ఇన్ని నీళ్ళుండడం నేనెప్పుడూ చూడలేదు.

చూశానంటే ఏం చూశాను, పొద్దున్నించీ పొత్తికడుపులో ఒకటే నొప్పి. ముందురోజు తిన్న చేపల పులుసు పడలేదనుకున్నాను. నడుము లాగేస్తోంది. లైన్లో మూడోదాన్ని ఉండాల్సినదాన్ని వెనకబడి వెనకబడి తాతగారి ముందుకి వచ్చేశాను. నా పక్క బెంచీ స్నేహితురాలు నా కోసం తనూ వెనకబడింది. దానికి నోరు ఊరుకోదు. ఏదో చెప్తూ చెప్తూ ఒక్కసారిగా ఆగిపోయింది.

"ఒసేయ్, సైకిలాపు" అంది, చిన్నగా.

"ఏంటే?"

"ఆపవే ముందు. దిగకు. నీ పైజమా..."

నేను వినకుండా దిగాను. సీటు మీద మరక చూశాను. నాకేమీ అర్థం కాలేదని చెప్పను. అమ్మ నెలకి మూడు రోజులు వంటింట్లోకి రాకపోవడం చూస్తూ పెరిగినదాన్నే. అయినా అది నా ఒంట్లోంచి, ఈ గట్టు మీద, ఇంతమంది మధ్య రావడమేంటి? ఏడుపొచ్చింది. నా స్నేహితురాలు నాకంటే ముందు మొదలెట్టింది. దాని ఏడుపు విని, ఏమైందో తెలియక తాతగారు సైకిలు స్టాండైనా వెయ్యకుండా పడేసి పరుగెత్తుకొచ్చాడు. ఓ చూపు చూశాడు. వెంటనే నీళ్ళ వైపు తిరిగి నిలబడిపోయాడు. అలా నిలబడే, చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుని, "టీచరుగారండీ!" అని కొల్లేరంతా వినబడేలా పిలిచాడు.

టీచరు వెనక్కి వచ్చింది. తన సంచీలోంచి పెద్ద తువ్వాలు తీసి నా నడుం చుట్టూ కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది. "ఏడవకు. ఇది జబ్బు కాదు, తప్పూ కాదు. నాకూ ఇలాగే స్కూల్లోనే వచ్చింది. లెక్కల పీరియడు" అంది. తర్వాత విజిలేసి మిగతావాళ్ళని ఉన్నచోటే ఆగమంది. ఒక చేత్తో నా సైకిలు, ఒక చేత్తో నన్ను పట్టుకుని, కనబడుతున్న లంక ఊళ్ళో మొదటి ఇంటికి నడిపించింది.

మెరక చేసి దాని మీద వేసుకున్న తాటాకుల ఇల్లు. ముంగిట్లో ఒకావిడ కూర్చుని వలకి చిక్కుకున్న నాచు ఏరుతోంది. నలభై ఏళ్ళు దాటి ఉంటాయి. మమ్మల్నీ, నా నడుముకున్న తువ్వాలునీ చూసి వల పక్కన పెట్టేసింది.

"ఏంటమ్మా? పిల్ల పెద్దమనిషయ్యిందా?" అంది.

"అవునండి. ఇప్పుడే, దార్లో. కాసేపు మీ ఇంట్లో..."

"అయ్యో, అడగాలా అమ్మా? మొదటిసారి నా గుమ్మంలోకొచ్చింది. నాకే మంచిది." లోపలికి పరుగెత్తి, కొత్తది, ఇంకా పచ్చివాసన పోని తాటాకు చాప తెచ్చి గోడవార పరిచింది. "కూర్చో తల్లీ. భయపడకు. మా పిల్లలిద్దరికీ నేనే చూసుకున్నాను."

ఎవరింట్లోనో, పేరు కూడా తెలియని మనిషి చాప మీద కూర్చుని నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఆవిడ వారించలేదు. పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. మెత్తగా నలిగిన పాత నూలు చీర ఒకటి తీసి సర్రున చింపి, ముక్కలు చేసి, ఎలా మడవాలో, ఎలా కట్టుకోవాలో, పిన్నీసు ఎక్కడ పెట్టుకోవాలో తలుపు వెనక నాకు చూపించింది. ఒకసారి తను చేసి చూపించి, విప్పేసి, "ఇప్పుడు నువ్వు చెయ్యి" అంది. మా అమ్మ కూడా అంత ఓపిగ్గా చెప్పేది కాదేమో. వేడినీళ్ళు పోసుకున్నాక తన కూతురిది వదులు గౌను ఒకటి వేసుకోమని ఇచ్చి, మరకైన బట్టలు నా చేత పట్టనివ్వకుండా తనే రేవులోకి పట్టుకెళ్ళింది.

నేను చాప మీద ఉండగా టీచరు వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"చూడమ్మా, కైకలూరు నుంచి బస్సుంది. నిన్ను ఇంటికి తీసికెళ్ళిపోగలను. తాతగారొక్కరి మీద తొమ్మిదిమందిని వదల్లేను కాబట్టి అందరం వెనక్కి వెళ్ళిపోతాం. అది నువ్వు మనసులో పెట్టుకోకు, వాళ్ళకి నేను చెప్పుకుంటాను. లేదూ, ఇవాళ ఇక్కడే ఆగి, నీకు బాగుంటే రేపు ముందుకెళ్దాం. నీకేం చెయ్యాలనుంది?"

అప్పటిదాకా నాకేం చెయ్యాలనుందని పెద్దవాళ్ళెవరూ నన్నడగలేదు. పండక్కి పరికిణీ రంగు కూడా మామ్మే చెప్పేది. మా ఇళ్ళల్లో ఇలాంటప్పుడు పిల్లని ఓ మూల కూర్చోబెడతారు. పదకొండు రోజులు గడప దాటనివ్వరు. మగవాళ్ళ కంట పడనివ్వరు. సైకిలు సంగతి తర్వాత, కిటికీ దగ్గరికి కూడా పోకూడదు. అదంతా తెలిసి కూడా, గట్టు మీద నా కోసం ఆగిపోయిన తొమ్మిదిమందినీ తలుచుకుని, అంతకంటే ఎక్కువగా నేను సరిగ్గా చూడని ఆ నీళ్ళని తలుచుకుని, "నొప్పి తగ్గితే తొక్కుతాను టీచర్" అన్నాను.

"సరే. కానీ మీ ఇంట్లో తెలియకుండా నేనేమీ చెయ్యను. మీ నాన్నగారు సరేనంటేనే."

అప్పట్లో మా ఇంట్లో ఫోను లేదు. ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉండేది. నంబరు నాకు నోటికొచ్చు. టీచరు దాన్ని కాగితం మీద రాసి తాతగారికిచ్చి, కైకలూరు వెళ్ళి ఎస్టీడీ బూతులోంచి మా నాన్నకి చెప్పి రమ్మంది. వాకిట్లో ఆయన గొంతు నాకు వినబడుతోంది.

"నేనా అండి? మగాణ్ణి. అలాంటిది ఫోన్లో ఆయనకి నేనెలా చెప్పనండి?"

"నేను పిల్లల్ని వదిలి రాలేను కదండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి చాలు."

ఆయన చాలాసేపు పంపు కట్టిన తాడు విప్పి మళ్ళీ కట్టాడు. తర్వాత బయల్దేరాడు. పొద్దున్న పిల్లలతో కలిసి పడుతూ లేస్తూ వచ్చిన గట్లన్నీ ఆ వయసులో ఆయన మళ్ళీ ఒక్కడే తొక్కుకుంటూ వెళ్ళాడు.

మధ్యాహ్నానికి ఆ ఇల్లు పెళ్ళివారిల్లయింది. గట్టు మీదున్న మిగతా తొమ్మిదిమందినీ ఆవిడ అరుగు మీదికి రమ్మంది. "దీనికి చిమ్మిలి పెట్టాలి. ఒక్కదానికేం దంచుతాం, అందరికీ దంచేద్దాం" అంది. చిమ్మిలంటే నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన ఉండలు. పెద్దమనిషైన పిల్లకి బలమని పెడతారు. ఆవిడ దగ్గర నువ్వులు చాలకపోతే పక్కింటావిడ చేటలో తెచ్చింది. ఎదురింటావిడ బెల్లం తెచ్చింది. రోకలి మా పిల్లలు వంతులేసుకుని పట్టుకున్నారు. నా స్నేహితురాలు దంచినంతసేపూ నోట్లో వేసుకుంటూనే ఉంది.

ఆవిడ మళ్ళీ వల ముందేసుకుని తన కథ చెప్పింది. "నేనైతే దోనెలో ఉన్నానమ్మా. నేనూ మా అమ్మా కిక్కిస కోసుకుని వస్తన్నాం. అమ్మా ఇలా అయిందే అన్నాను. ఏం చేస్తాదీ? నీళ్ళ మధ్యలో కూర్చోబెట్టడానికి మూలేది? ఒడ్డుకొచ్చేదాకా గెడేసి దోనె నా చేతే తోయించింది. ఇంటికొచ్చాక కూర్చోబెట్టి పాటలు పాడించింది."

మేమంతా నవ్వాం. నేనూ నవ్వాను. ఏడుపు మొదలైన దగ్గర్నించీ నేను నవ్వడం అదే మొదలు.

సాయంత్రం పొద్దు వాలుతుండగా తాతగారు తిరిగొచ్చాడు. సైకిలు తాటిదుంగకి ఆనించి, మొహం కడుక్కుని, టీచరు ముందు నిలబడి, అప్పగించిన పాఠంలా చెప్పాడు.

"చెప్పానండి. శుభవార్తేనండి అన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదండి. లైను పోయిందేమో అనుకున్నానండి. తర్వాత, ఏడుస్తోందా అని అడిగారండి. లేదండీ, సైకిలు తొక్కుతానంటోందండి అన్నాను."

"చివరికేమన్నారు?"

"టీచరుగారు పక్కనుంటే చాలు, తొక్కనివ్వండి అన్నారండి. పిల్ల తల్లికి ఆయన చెప్పుకుంటారంటండి. ఇంకోటండి..." తాతగారు గొంతు తగ్గించాడు గానీ తడిక అవతల నాకు వినబడింది. "వాళ్ళ మామ్మగారికి మాత్రం చెప్పరంటండి. పిల్ల ఇంటికొచ్చిన రోజే అయినట్టు చెప్తారంటండి. మనల్ని కూడా అలాగే చెప్పమన్నారండి."

టీచరు అబద్ధం చెప్పని మనిషి. "నన్నెవరైనా అడిగితే కదా" అంది.

మర్నాడు పొద్దున్నకి నొప్పి చాలావరకు తగ్గింది. అక్కణ్ణించి తూర్పు ఒడ్డుకి వెళ్ళడానికి దారి లేదు, నీళ్ళే. ఆ ఇంటాయన, ఆయన అన్నదమ్ములూ కలిసి మూడు పడవలు కట్టారు. సైకిళ్ళని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి తాళ్ళేశారు. ఇంటావిడ ఉతికి ఆరేసి మడత పెట్టిన నా బట్టలు, చింపిన చీర ముక్కలు ఇంకో రెండు రోజులకి సరిపడా, ఆకులో చుట్టిన చిమ్మిలి నా సంచీలో సర్దింది. "ఇంటికెళ్ళాక మీ అమ్మ మళ్ళీ పెడుతుంది. వద్దనకుండా తిను" అంది. ఆవిడ పేరడగాలన్న తెలివి నాకు లేకపోయింది. కాళ్ళకి దణ్ణం పెట్టాలని ఉన్నా, అలాంటప్పుడు పెట్టొచ్చో కూడదో తెలియక ఊరుకున్నాను. పడవ కదిలాక చెయ్యి ఊపాను. ఆవిడ ఊపలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, మేం కిక్కిస మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

కొల్లేరు నేను చూసింది ఆ పొద్దున్నే. మంచు ఇంకా విడలేదు. ఇంటాయన గెడ వేస్తుంటే నీటి చప్పుడు తప్ప ఏమీ లేదు. తామరాకుల మీద ఆకు మీద పరుచుకునేంత పొడుగు వేళ్ళతో ఏవో గోధుమరంగు పిట్టలు నడుచుకుంటూ పోతున్నాయి. నేను పడవ మూల సైకిళ్ళకి ఆనుకుని కూర్చున్నాను. నన్నెవరూ మూల కూర్చోబెట్టలేదు, నేనే కూర్చున్నాను. ఒళ్ళు కొత్తగా, కాస్త బరువుగా, నాదేనన్నట్టు ఉంది. టీచరు పడవ ముందర కూర్చుని చర్చి పాటేదో చిన్నగా పాడుకుంటోంది. మాకు వినబడుతోందని గమనించి ఆపేసింది. పాడమని అందరం గోల చేశాం. పాడింది.

ఒడ్డు చేరాక మళ్ళీ సైకిళ్ళు. కోతలైపోయిన పొలాల్లో కుప్పలేసి ఉన్నాయి. టీచరు ఆ రోజు లైను మార్చింది. నన్ను అందరికంటే ముందు పెట్టి, "దీని వేగమే అందరి వేగం. ఎవరూ దాటకూడదు" అంది. నా స్నేహితురాలు ప్రతి రెండు మైళ్ళకీ "టీచర్, నా చైను ఊడింది" అని ఆపేది. దిగి చూస్తే చైను చక్కగానే ఉండేది. మూడోసారి తాతగారు వంగి చూసి, పైకి లేచి, నా వైపు ఓ చూపు చూసి, "అవునండి, ఊడింది. పది నిమిషాలు పడద్దండి" అన్నాడు. అబద్ధాలాడే మనుషుల్ని నేను అంత ఇష్టపడింది ఆ రెండు రోజుల్లోనే.

బుధవారం రాత్రి భీమడోలులో పడుకుని, గురువారం గణపవరం మీదుగా భీమవరం చేరాం. ఊరి బయట కాలవ వంతెన దగ్గర నాన్న సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన అమ్మ. అమ్మ నన్ను చూడగానే దగ్గరికొచ్చి, రెండు చేతుల్తో మొహం పట్టుకుని, "తిన్నావా?" అంది. కళ్ళు తుడుచుకుంది. నాన్న నా మొహంలోకి చూడలేకపోయాడు. వంగి నా సైకిలు వెనక చక్రం నొక్కి, "గాలి తక్కువగా ఉందే. దీంతోనే వచ్చావా ఇంత దూరం?" అన్నాడు.

"వచ్చాను నాన్నా."

"ఊఁ" అన్నాడు. టీచరుకి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. పెట్టి, మళ్ళీ పెట్టాడు.

ఇంట్లో అమ్మ ముందు నడిచి, "అత్తయ్యగారండీ, పిల్ల ఇప్పుడే, వంతెన దగ్గర..." అంది. మామ్మ చేస్తున్న పని వదిలేసి లేచింది. ఆ వయసులో మామ్మ అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. చాప వచ్చింది, పసుపు వచ్చింది, రోట్లో నువ్వులు పడ్డాయి. నేను రెండోసారి మొదటిసారి కూర్చున్నాను. మామ్మ తన చేత్తో చిమ్మిలి నా నోట్లో పెట్టి, "ఎలా ఉంది?" అంది. "ఎప్పుడూ తినలేదు మామ్మా, బాగుంది" అన్నాను. తల తిప్పి చూస్తే అమ్మ నవ్వాపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంటోంది.

పంతులుగారు వచ్చి పంచాంగం చూశారు. గురువారం, మంచి నక్షత్రం, పిల్ల అత్తింటికి కలిసొస్తుందన్నారు. మామ్మ పొంగిపోయి వీధి వీధంతా చెప్పుకుంది. మంగళవారం పెద్దమనిషైతే మంచిది కాదనీ, శాంతి చేయించాలనీ మా వైపు అనుకుంటారు. అది నాకు అప్పుడు తెలియదు. చాలా ఏళ్ళకి, మామ్మ పోయాక అమ్మ చెప్పింది. ఆ రోజు ఫ్యాక్టరీకి ఫోను చేసి తాతగారు కబురు చెప్పాక నాన్న కాసేపు మాట్లాడలేదు చూడండి, అప్పుడు ఆయన గోడ మీద కేలండరు చూస్తున్నాడట. మంగళవారమని చూసి, గురువారం దాకా ఆగితే అటు పిల్ల సరదా తీరుతుంది, ఇటు ముసలావిడ మనసు నొచ్చుకోదు అనుకున్నాడట. మా మామ్మని నేను మోసం చేశానని ఎప్పుడైనా అనిపించినా, నాన్నని తలుచుకుంటే ఆ బాధ నిలవదు. ఇద్దరి కోసం ఒకే అబద్ధం ఆడాడాయన. జాతకం రెండు రోజులు తప్పైనా నా కాపురం సవ్యంగానే సాగింది.

తర్వాత ఆ లంక ఊరికి ఒకసారి వెళ్దామనుకున్నాను. ఉద్యోగం, పిల్లలు. నేను బయల్దేరేసరికి రెండువేలు దాటి కొన్నేళ్ళయింది. అప్పటికి సరస్సుని ఆక్రమించాయని చేపల చెరువుల గట్లు చాలా వరకు ప్రభుత్వం తవ్వించేసింది. మేం సైకిళ్ళు తొక్కిన గట్టేదో నేను పోల్చుకోలేకపోయాను. నలుగురిని అడిగాను. పేరు తెలియని మనిషి గురించి ఏమని అడుగుతాం? "వల ఏరుకునే ఆవిడ" అంటే వాళ్ళు నవ్వారు. అక్కడ అందరూ వల ఏరుకునేవాళ్ళే. ఆవిడకి నేను చెప్పాల్సింది చెప్పలేకపోయాను. అందుకే ఇలా రాసుకుంటున్నాను.

ఇంకొక్క సంగతి. పదకొండో రోజు ఇంట్లో చిన్నగా వేడుక చేశారు. నాకు కొత్త ఓణీ వేసి కుర్చీలో కూర్చోబెట్టారు. టీచరు వచ్చింది. నా తొమ్మిదిమందీ వచ్చారు, బస్సు దిగినట్టు గుంపుగా కాకుండా లైనుగా సైకిళ్ళ మీద, విజిలుతో సహా. మామ్మ "ఏంటే ఈ సంత?" అంటూనే అందరికీ పసుపు రాసింది. నా స్నేహితురాలు "అప్పుడు లంకలో చిమ్మిలి ఇంకా..." అని మొదలుపెట్టి, టీచరు చూసిన చూపుకి నాలిక్కరుచుకుని, "...ఇంకా ఎక్కడా తినలేదు మామ్మగారూ, మీదే మొదలు" అంది.

తాతగారు లోపలికి రాలేదు. పందిట్లో చివరి వరసలో భోజనానికి కూర్చున్నాడు. వడ్డించడానికి మనుషులున్నా నాన్న పూర్ణం బూరెల పళ్ళెం వాళ్ళ చేతుల్లోంచి తీసుకుని తనే వెళ్ళాడు. ఫోన్లో మాట్లాడుకున్నదే తప్ప వాళ్ళిద్దరూ మొహామొహాలు చూసుకున్నది వంతెన దగ్గర ఒక్కసారే. కుర్చీలోంచి నాకు అంతా కనబడుతోంది. నాన్న వంగి ఆయన ఆకులో రెండు బూరెలు వేశాడు.

"చాలండి, చాలండి" అన్నాడు తాతగారు, చేతులు అడ్డం పెట్టి.

"అలా అనకండి" అన్నాడు నాన్న. ఇంకో రెండు వేసి, ఆయన తినడం మొదలుపెట్టేదాకా పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.